అయ్యగారు లేని ఆదివారాలు: అమెరికాలో చిన్న ఎపిస్కోపల్ చర్చిలు మూతపడడం వెనక కథ

అమెరికాలో ప్రతి ఎపిస్కోపల్ చర్చిలోనూ ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. ఆరాధన అవగానే అందులో ఒక వరుస నింపుతారు. తేదీ, ఏ ఆరాధన జరిగింది, ఎంతమంది వచ్చారు, ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం ఎంతమంది తీసుకున్నారు, చివర నడిపించినవారి సంతకం. పాత చర్చి రిజిస్టరు తిరగేస్తే ముందు కంటికి తగిలేది హాజరు గడి. 1950ల పుటల్లో మూడంకెలు, పోనుపోను రెండంకెలు, ఆఖరి పుటల్లో మంచు కురిసిన ఆదివారాల పక్కన వేళ్ళ మీద లెక్కపెట్టే సంఖ్య.

నేనైతే హాజరు కన్నా సంతకాల గడి ముందు చూడమంటాను. మొదట్లో ఏళ్ళ తరబడి ఒకే చేతిరాత ఉంటుంది. తర్వాత రెండు మూడేళ్ళకో కొత్త సంతకం. ఆ తర్వాత నెలకొకటి, వారానికొకటి. ఊళ్ళో ఉండే అయ్యగారు, అంటే చర్చి గురువు, పోయి, ఆదివారం పూట కారేసుకుని వచ్చి ఆరాధన ముగించి వెళ్ళిపోయే అయ్యగారు వచ్చారన్నమాట. చర్చికి తాళం పడేది ఇంకో పది పదిహేనేళ్ళకి కావచ్చు. కానీ కథ మలుపు తిరిగింది మాత్రం ఆ పుటలోనే.

ఎపిస్కోపల్ అంటే బిషప్పుల పాలనలో నడిచే సంఘం అని అర్థం. ఇంగ్లండు నుంచి వెళ్ళిన ఆంగ్లికన్ సంఘానికి అమెరికా శాఖ ఇది. మన దగ్గర 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)గా ఏకమైన సంఘాల్లో ఆంగ్లికన్లు కూడా ఉన్నారు. అందుకే దోర్నకల్‌లోనో మచిలీపట్నంలోనో ఆ చర్చికి వెళ్తూ పెరిగినవాళ్ళు అమెరికాలో ఎపిస్కోపల్ ఆరాధనకి వెళ్తే ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో ఎవర్నీ అడగనక్కర్లేదు. ఆ దగ్గరితనం వల్లే ఈ కథ మనకి పరాయిగా అనిపించదు.

అయ్యగార్ల కరువు ఈ సంఘానికి మొదటి నుంచీ ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1607లో వర్జీనియాలో దిగినప్పుడు తమ చర్చిని వెంట తెచ్చుకున్నారు, బిషప్పును తెచ్చుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ వలస రాష్ట్రాల్లో ఒక్క బిషప్పు కూడా లేరు. గురువు కావాలనుకున్న కుర్రాడు బిషప్పు చేతుల మీదుగా పొందే అభిషేకం కోసం అట్లాంటిక్ దాటి లండన్ వెళ్ళి రావాలి. వచ్చినవాళ్ళకి మాత్రం వర్జీనియాలో బతుకుకి లోటు లేదు. అక్కడ అది ప్రభుత్వ మతం. ఏడాదికి 16 వేల పౌన్ల పొగాకు జీతం, ఇల్లు, సాగు చేసుకోవడానికి గ్లీబ్ అనే భూమి. మన గుడి మాన్యాల్లాంటిదే అది.

స్వాతంత్ర్య పోరాటం ఈ ఏర్పాటునంతా తుడిచిపెట్టింది. గురువుల్లో చాలామంది ఇంగ్లండు రాజుకి విధేయులం అని ప్రమాణం చేసినవాళ్ళు. కొందరు దేశం విడిచిపోయారు, కొందరు జీతం ఆగిపోయి చెదిరిపోయారు. 1786లో వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. 1802లో గ్లీబ్ భూముల్ని కూడా వేలం వెయ్యమని చట్టం చేశారు. యుద్ధానికి ముందు వర్జీనియాలో 91 మంది గురువులుండగా యుద్ధం ముగిసేసరికి 28 మంది మిగిలారని పాత లెక్క. ఇటుక గోడల చర్చిలు కప్పు కూలి, పశువులు తిరిగే పాడుపడ్డ కొట్టాలైపోయాయి. ఇది మొదటి మూసివేతల కాలం. కట్టడాలు ఉన్నాయి, నమ్మేవాళ్ళు కొంతమందైనా ఉన్నారు. గురువుని పోషించే దారి లేదు, అంతే.

అక్కడి నుంచి మళ్ళీ లేచారు. 1784లో శామ్యూల్ సీబరీ స్కాట్లండులోని అబర్డీన్‌లో బిషప్పుగా అభిషేకం పొంది వచ్చారు. ఇంగ్లండులో అయితే రాజుకి ప్రమాణం చెయ్యాలి, అమెరికా పౌరుడిగా ఆయన అది చెయ్యలేరు, అందుకని స్కాట్లండు. 1789లో సొంత నిబంధనావళి, సొంత ప్రార్థన పుస్తకం సిద్ధమయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు ఎక్కడికి పోతే చర్చి అక్కడికి పోయింది. రిచర్డ్ అప్‌జాన్ అనే ఆర్కిటెక్టు 1852లో పల్లెటూళ్ళ కోసం చెక్క చర్చి నమూనాలు అచ్చువేసి ఇచ్చాడు. ఊరి వడ్రంగి చూసి కట్టగలిగేటంత సులువైనవి. నిటారు పలకల గోడలు, ఏటవాలు కప్పు, చిన్న గంట గోపురం. ఇప్పుడు ఖర్చుకి ఓర్చుకోలేక మూతపడుతున్నవాటిలో ఆ తీరు చర్చిలు ఎన్నో కనిపిస్తాయి.

అదే అప్‌జాన్ న్యూయార్కులో కట్టిన ఒక చర్చి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆరో అవెన్యూ, ఇరవయ్యో వీధి మూల మీద ఉన్న చర్చ్ ఆఫ్ ది హోలీ కమ్యూనియన్. 1840ల మధ్యలో లేచింది. విలియం అగస్టస్ మ్యూలెన్‌బర్గ్ అక్కడి గురువు. ఆయన సోదరి ఇచ్చిన డబ్బుతో కట్టారు. ఆ రోజుల్లో చర్చిలో బల్లలకి అద్దె ఉండేది. డబ్బున్న కుటుంబం ముందు వరుస బల్లని ఏడాదికింత అని తీసుకునేది, లేనివాళ్ళు వెనకో మేడ మీదో సర్దుకునేవాళ్ళు. మ్యూలెన్‌బర్గ్ తన చర్చిలో ఆ అద్దె పూర్తిగా తీసేశారు. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. 1846లో వైద్యుడైన పరిశుద్ధ లూకా పండుగ రోజున వచ్చిన కానుకలో సగం పక్కన పెట్టి, దీనితో పేదలకి ఆసుపత్రి కడదాం అన్నారు. ఆ రోజు పోగైంది చిల్లర డబ్బే. దాంట్లోంచే సెయింట్ లూక్స్ ఆసుపత్రి పుట్టింది. చేతులు మారి, పేరు మారి, మౌంట్ సైనై మార్నింగ్‌సైడ్‌గా ఇవాళ్టికీ రోగుల్ని చూస్తోంది.

ఆసుపత్రి నిలిచింది, చర్చి నిలవలేదు. చుట్టుపక్కల కాపురాలు పై వీధులకి తరలిపోయాయి. ఇళ్ళ చోట పెద్ద బట్టల షాపులు, తర్వాత గోడౌన్లు వచ్చాయి. ఆదివారం నాడు ఆ వీధుల్లో మనుషులే ఉండేవాళ్ళు కాదు. 1970ల మధ్యలో ఆ సంఘాన్ని ఇంకో రెండు చర్చిలతో కలిపేశారు. భవనాన్ని మత్తుపదార్థాల బాధితులకి చికిత్స చేసే ఒక సంస్థకి అమ్మారు. మంచి చేతుల్లోనే పెట్టామనుకున్నారు. ఆ సంస్థ కూడా భవనం భారం మోయలేక అమ్మేసింది. 1983లో అక్కడ లైమ్‌లైట్ అనే నైట్‌క్లబ్ తెరిచారు. తర్వాత షాపింగ్ మార్కెట్, ఆ తర్వాత జిమ్. 1966లోనే చారిత్రక కట్టడంగా గుర్తించారు కాబట్టి బయటి గోధుమరంగు రాతి గోడల్ని ఎవరూ కదపలేదు. బల్లకి అద్దె వద్దన్న చోట టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళడం ఆ సంఘస్తులకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. చర్చి అమ్మేటప్పుడు మొదటి కొనుగోలుదారుని చూసి నిశ్చింతగా ఉండకూడదని ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

పట్టణం మారడం ఒక కారణం. అసలు పెద్ద పతనం మాత్రం ఆ తర్వాతది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పిల్లలు ఎక్కువ పుట్టారు, శివార్లలో కొత్త కాలనీలు వెలిశాయి, కాలనీకో చర్చి కట్టారు. 1960ల మధ్యకి ఎపిస్కోపల్ సభ్యత్వం 34 లక్షలు దాటింది. ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకంతో కట్టిన హాళ్ళు, సండే స్కూలు గదులు తర్వాత గుదిబండలయ్యాయి. 2023కి సభ్యత్వం 16 లక్షల లోపుకి వచ్చేసింది. ఆదివారం హాజరు చూస్తే అమెరికాలో 2000లో సగటున 8 లక్షల 50 వేల పైచిలుకు, 2019లో 5 లక్షల 20 వేల దగ్గర, కోవిడ్ తర్వాత కొంత తేరుకున్నా 2023లో 4 లక్షలకి అటూ ఇటూ. కోవిడ్‌కి ముందు ఏడాదే సుమారు సగం చర్చిల్లో ఆదివారం హాజరు యాభై దాటలేదు.

ఇలా ఎందుకైందని అడిగితే చాలామంది గొడవల వైపు చూపిస్తారు. 1976లో స్త్రీలకి గురువులుగా అభిషేకం ఇవ్వాలని తీర్మానించడం, 2003లో న్యూ హాంప్‌షైర్‌లో స్వలింగ సంపర్కుడైన జీన్ రాబిన్‌సన్ బిషప్పు కావడం, వాటి మీద కొన్ని సంఘాలు, కొన్ని డయాసిస్‌ల్లో (ఒక్కో బిషప్పు కింద ఉండే చర్చిల పరిధి) ఎక్కువమంది విడిపోవడం నిజమే. కానీ ఈ గొడవలే మొత్తానికి కారణం అంటే నేను ఒప్పుకోను. సభ్యత్వం తగ్గడం అంతకు ముందే మొదలైంది. పిల్లలు తక్కువ పుట్టారు, పుట్టినవాళ్ళు చదువుకని, ఉద్యోగమని ఊరు వదిలారు, చాలామంది ఏ చర్చికీ వెళ్ళడం మానేశారు. మిల్లు మూతపడ్డ ఊళ్ళో చర్చి ఒక్కటే ఎలా నిలుస్తుంది?

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక మార్పు ఉంది. 1979 ప్రార్థన పుస్తకం ఆదివారపు ముఖ్య ఆరాధన ప్రభు భోజనమే అని చెప్పింది. అంతకు ముందు చాలా చర్చిల్లో నెలకోసారి ప్రభు భోజనం, మిగతా ఆదివారాలు ఉదయకాల ప్రార్థన. ఉదయకాల ప్రార్థన నడపడానికి అభిషిక్తుడే ఉండాలని లేదు. ఊరి బడిపంతులో, బ్యాంకు గుమస్తానో పుస్తకం తెరిచి నడిపేవారు. ప్రభు భోజనానికి మాత్రం గురువు ఉండి తీరాలి. వారం వారం ప్రభు భోజనం తీసుకోవడం మంచి మార్పు, దాన్ని తప్పు పట్టను. కానీ పాతికమంది ఉన్న చర్చికి కూడా ప్రతి ఆదివారం ఒక అయ్యగారు కావలసి వచ్చారు. అయ్యగారంటే జీతం, ఇల్లు, ఆరోగ్య బీమా, వాటి మీద జీతభత్యాల్లో 18 శాతం పెన్షన్ ఫండ్‌కి. పాతికమంది కానుకలకి అది మోయలేని బరువు. అందులోంచే డయాసిస్ వాటా కట్టాలి, చలికాలం హీటింగ్ బిల్లు కట్టాలి, కప్పు కారితే బాగు చెయ్యాలి.

మన ఊళ్ళు గుర్తొస్తాయి ఇక్కడ. దోర్నకల్ మొదటి బిషప్పుగా 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య కాలంలో పల్లెల్లో సంఘం నడిచింది ఉపాధ్యాయుల మీద. పగలు పిల్లలకి పాఠం, సాయంత్రం సంఘానికి ప్రార్థన. అభిషేకం పొందిన అయ్యగారు ఒక్కరే ఎన్నో ఊళ్ళు తిరిగేవారు. ఇప్పటికీ ఒక పాస్టరేట్ కింద అనేక గ్రామాల చర్చిలు ఉంటాయి. అమెరికాలో చర్చికొక గురువు అన్న అలవాటు బలంగా పాతుకుపోయింది. దాన్ని మార్చాలని చూసినవాళ్ళు లేకపోలేదు. నెవాడాలో 1972 నుంచి 1985 దాకా బిషప్పుగా ఉన్న వెస్లీ ఫ్రెన్స్‌డార్ఫ్ ఊళ్ళోవాళ్ళనే ఎంచుకుని, తర్ఫీదిచ్చి, జీతం లేని గురువులుగా అభిషేకించారు. ఎడారిలో విసిరేసినట్టున్న ఊళ్ళకి అది బాగా పనికొచ్చింది. మిగతా డయాసిస్‌లు ఆ దారి పట్టడానికి చాలా ఆలస్యం చేశాయని నా అభిప్రాయం. ఇప్పుడు మూడు నాలుగు చర్చిలకి ఒక గురువు అనే పద్ధతి పెరుగుతోంది. డయాసిస్‌లే కలిసిపోతున్నాయి. విస్కాన్సిన్‌లో మూడు డయాసిస్‌లు 2024లో ఒకటయ్యాయి.

మూసెయ్యక తప్పదన్న మాట వచ్చిన రోజున అసలు టెన్షన్ ఆస్తి దగ్గర మొదలవుతుంది. మా తాత ఇచ్చిన స్థలం, మా అమ్మ కుట్టిన బలిపీఠం వస్త్రం, అమ్మిన డబ్బు డయాసిస్‌కి ఎందుకు పోవాలి అని సంఘస్తులు అడుగుతారు. 1979లో పెట్టిన ఒక నియమం దీనికి జవాబు. డెన్నిస్ కానన్ అంటారు. చర్చి పేర ఉన్న ఆస్తి ఏదైనా డయాసిస్ తరఫున, మొత్తం సంఘం తరఫున ట్రస్టులో ఉన్నట్టే అని దాని సారాంశం. అదే ఏడాది జోన్స్ వర్సెస్ వుల్ఫ్ కేసులో సుప్రీంకోర్టు, మత సంఘాలు ఇలాంటి ఏర్పాటు ముందే కాగితం మీద రాసుకోవచ్చని చెప్పింది. అందుకే సంఘస్తులు తామే విడిపోవాలనుకున్నా, తామే మూసెయ్యాలనుకున్నా, సాధారణంగా భవనం తమ చేతికి రాదు. నియమం న్యాయమైనదే కావచ్చు. అయినా ఏళ్ళ తరబడి కప్పు బాగు చేయించుకున్నవాళ్ళకి ఆ మాట చేదుగానే ఉంటుంది.

సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో ఈ చేదు ఇంకా ఎక్కువ. అది లకోటా ఆదివాసుల రిజర్వేషన్. 1890 డిసెంబరు చివర్లో అమెరికా సైన్యం జరిపిన వూండెడ్ నీ ఊచకోతలో గాయపడ్డవాళ్ళని తెచ్చి పడుకోబెట్టింది అక్కడి ఎపిస్కోపల్ చర్చిలోనే. క్రిస్మస్ పచ్చతోరణాలు ఇంకా తియ్యలేదు. బల్లలు పీకేసి, నేల మీద గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఆ రిజర్వేషన్‌లో కొన్ని చిన్న చర్చిల్ని మూసెయ్యాలని 2008లో డయాసిస్ నిర్ణయించినప్పుడు జనం అడ్డం తిరిగారు. వాళ్ళ పెద్దల సమాధులు ఆ చర్చిల పక్కనే ఉన్నాయి. ఖర్చుల లెక్క చెప్పి వాళ్ళని ఒప్పించగలమనుకోవడం పొరపాటు.

మూసేటప్పుడు ఒక ప్రత్యేక ఆరాధన ఉంది. ప్రతిష్ఠించిన మందిరాన్ని మామూలు కట్టడంగా ప్రకటించే క్రమం. దాచుకోవలసిన బలిపీఠం, పవిత్ర వస్తువులు ముందే బయటికి తెచ్చేస్తారు. గోడ మీద సిలువ తీసిన చోట రంగు మాసిపోకుండా సిలువ ఆకారమే మిగిలిపోతుంది. బిషప్ గారు వచ్చి, ఎప్పుడో ఒక బిషప్పు చదివిన ప్రతిష్ఠ పత్రాన్ని రద్దు చేస్తున్నట్టు చదువుతారు. ఈ చోటుతో మీ జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయని మాకు తెలుసు, దేవుడి సన్నిధి ఒక భవనానికి కట్టుబడి ఉండదు అనే అర్థంతో కొన్ని మాటలు అందులో ఉన్నాయి. తర్వాత ఒకరికొకరు శాంతి కలగాలని చెప్పుకుని బయటికి వస్తారు.

ప్రభు భోజనపు పాత్ర, పళ్ళెం ఇంకో చర్చికి వెళ్తాయి. తోటలో చితాభస్మం ఉంచినవాళ్ళ కుటుంబాలకి ఫోన్లు చేసి, ఎక్కడికి మార్చాలో కనుక్కుంటారు. రిజిస్టర్లు డయాసిస్ దస్తావేజుల గదికి చేరతాయి. ఎప్పుడో ఎవరో బాప్తిస్మం కాగితం కోసం వెతుక్కుంటూ వస్తే తీసి చూపించడానికి. ఆరాధనల రిజిస్టరులో చివరి వరుసలో తేదీ ఉంటుంది, హాజరు ఉంటుంది. పాత సభ్యులు దూరాల నుంచి వచ్చి ఉంటారు కాబట్టి ఆ ఒక్క రోజు మళ్ళీ మూడంకెలు పడవచ్చు. దాని పక్కన బిషప్ గారి సంతకం. కింద గడులు ఖాళీగా ఉంటాయి.