అరవై వ్యాగన్ల బేరం

1867 జనవరి. అమెరికాలో ఆల్బనీ దగ్గర హడ్సన్ నది గడ్డకట్టి ఉంది. న్యూయార్క్ నుంచి వచ్చే రైళ్లు వంతెన ఎక్కకుండా ఇవతలి ఒడ్డునే ఆగిపోతున్నాయి. ప్రయాణికులు సామాన్లు మోసుకుంటూ ఆ చలిలో వంతెన నడిచి దాటి, అవతలి రైలు పట్టుకోవాలి. పట్టాలకు ఏమీ కాలేదు. ఇవతలి లైను యజమాని కార్నీలియస్ వాండర్‌బిల్ట్ ఆపమన్నాడు, ఆపేశారు.

బఫలో నుంచి ఆల్బనీకి సరుకు తెచ్చే న్యూయార్క్ సెంట్రల్ కంపెనీ ఎండాకాలమంతా దాన్ని స్టీమర్లకు అప్పగించేది. నది గడ్డకట్టాక మాత్రమే దానికి వాండర్‌బిల్ట్ లైను గుర్తొచ్చేది. వంతెన దగ్గర దారి మూసుకుపోగానే సెంట్రల్ దిగొచ్చింది, దాని షేరు ధరా దిగింది. ఆయన ఆ షేర్లు కొంటూ పోయి ఏడాది తిరిగేలోపే ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. 1869లో రెండు లైన్లనూ కలిపేశాడు.

అంత పంతం ఎందుకంటే, రైల్వేకు ఖర్చులో పెద్ద భాగం బండి కదిలినా కదలకపోయినా తప్పనిదే. పట్టాలు, వంతెనలు, బాండ్ల మీద వడ్డీ ఎక్కడికీ పోవు. ఖాళీగా పడి ఉన్న వ్యాగనూ పెట్టుబడి తింటూనే ఉంటుంది. కాబట్టి రేటు కాస్త తగ్గినా ఏడాది పొడవునా ఆగకుండా వచ్చే సరుకే రైల్వేకు బంగారం.

ఈ గుట్టు క్లీవ్‌లాండ్‌లో పెట్రోలియం నూనె శుద్ధి చేసే స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ అధిపతి రాక్‌ఫెల్లర్ మనుషులకు బాగా తెలుసు. 1870 ప్రాంతంలో లేక్ షోర్ రైల్వేతో (ఇదీ తర్వాత వాండర్‌బిల్ట్ గుప్పిట్లోకే వెళ్లింది) వాళ్లు ఒక బేరం కుదుర్చుకున్నారు: రోజుకు 60 వ్యాగన్ల నూనె ఖాయం. ముడి నూనె క్లీవ్‌లాండ్‌కు రావడానికి పీపాకు 35 సెంట్లు, శుద్ధి చేసినది న్యూయార్క్ చేరడానికి 1.30 డాలర్లు. మొత్తం 1.65 డాలర్లు. మామూలు రేటు 2.40.

రైల్వే అధికారి డెవెరూ తర్వాత ఇచ్చిన ప్రమాణపత్రంలో దీని లెక్క ఉంది. కలగలుపు సరుకుతో వ్యాగను న్యూయార్క్ వెళ్లి తిరిగి రావడానికి సగటున 30 రోజులు పట్టేది. రోజుకు 60 చొప్పున 1,800 వ్యాగన్లు కావాలి. ఒక్కోటి 500 డాలర్లు, అంటే 9 లక్షలు. రైలు మొత్తం నూనెతోనే నిండి నేరుగా వెళ్తే 10 రోజుల్లో తిరిగొస్తుంది. అప్పుడు 600 వ్యాగన్లు, 3 లక్షలు చాలు.

లెక్కలో నాకు తప్పేమీ కనిపించదు. అంతే సరుకిస్తే ఎవరికైనా ఇదే రేటని కూడా ఆయన అన్నాడు. చిక్కల్లా, అంత సరుకు ఇంకెవరి దగ్గరా లేదు. చిన్న శుద్ధి కర్మాగారాలు ఎంత పొదుపు చేసినా పీపాకు 75 సెంట్ల తేడా ఎక్కడ పూడ్చుకుంటాయి? 1872లో రైల్వేలు, రాక్‌ఫెల్లర్ సహా కొందరు పెద్ద శుద్ధిదారులు కలిసి వేసిన సౌత్ ఇంప్రూవ్‌మెంట్ పథకం మరీ దారుణం: పోటీదారు పంపిన పీపా మీద కూడా ఈ శుద్ధిదారుల వర్గానికే వాటా ముట్టాలి. నూనె బావుల యజమానులు భగ్గుమనడంతో అది అమలుకు రాకముందే కూలిపోయింది. రహస్య రాయితీలను నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది మాత్రం 1887లో.

అంతదాకా ఆగే ఓపిక పెన్సిల్వేనియా నూనె ఉత్పత్తిదారులకు లేదు. 1879లో కొందరు కలిసి కొండల మీదుగా విలియమ్స్‌పోర్ట్ వరకు దాదాపు 175 కిలోమీటర్ల పొడవున 6 అంగుళాల గొట్టం వేశారు. ఆ దూరమంతా నూనెకు వ్యాగనుతో పనే లేకపోయింది. స్టాండర్డ్ ఆయిల్ కూడా ఆలస్యం చెయ్యలేదు. తనూ దూరప్రాంతాలకు గొట్టాలు వేసుకుంది. అరవై వ్యాగన్ల బేరం కోసం అన్ని రాయితీలిచ్చిన రైల్వేల చేతుల్లోంచి ఆ నూనె క్రమంగా జారిపోయింది.