రామప్ప ఏ జిల్లా కింద? బ్లాగు మెనూల వెనక ఇరవై ఏళ్ల కథ

హనుమకొండలో ఒక మిత్రుడు చాలా ఏళ్లుగా ఓరుగల్లు చరిత్ర మీద బ్లాగు రాస్తున్నారు. మొదలుపెట్టిన రోజుల్లో 'వరంగల్ జిల్లా' అని ఒక పేజీ పెట్టి, దాని కింద రామప్ప, వేయిస్తంభాల గుడి, కోట, మేడారం, బమ్మెర అని ఉప పేజీలు చేర్చారు. అప్పటికి అది సహజమైన అమరికే. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా విడిపోయింది. రామప్ప, మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, బమ్మెర జనగామలోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడితే రామప్ప, మేడారం మళ్లీ మారాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా పేర్లు మార్చుకున్నాయి. వేయిస్తంభాల గుడి ఒక జిల్లాకు, కోట మరో జిల్లాకు చేరాయి.

ఆయన ప్రతిసారీ ఓపికగా పేజీలను కొత్త తల్లి పేజీల కిందికి తరలించారు. ప్రతిసారీ వాటి చిరునామాలు మారాయి. 2021 జూలైలో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ ఆలయం గురించి వెతుకుతూ ఎందరో ఆ బ్లాగుకు వచ్చిన రోజుల్లోనే, పాత లంకెలు కొన్ని 'పేజీ దొరకలేదు' అనే చోటికి తీసుకెళ్లాయి. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లుగా పాలంపేటలో కదలకుండా ఉన్న గుడి, బ్లాగులో మాత్రం మూడు చోట్లు మారింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే బ్లాగుల్లోకి పేజీలు ఎలా వచ్చాయో చూడాలి. తొలి బ్లాగుల్లో పేజీలే లేవు. 1999లో మొదలైన బ్లాగర్ అనే బ్లాగు సేవలో ఉన్నవి టపాలు (తేదీతో వేసే రాతలు) మాత్రమే: కొత్తది పైన, పాతది కింద, పక్కన నెలల వారీ జాబితా. 2003 మేలో మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసిన బ్లాగు సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ తొలి కూర్పు కూడా అంతే. దినచర్య రాసుకునేవారికి అది చాలు. ఊరి చరిత్ర, గుడి చరిత్ర, రచయిత పరిచయం లాంటివి ఏ తేదీకీ చెందవు. వాటికి చోటు 2005 ఫిబ్రవరిలో, వర్డ్‌ప్రెస్ 1.5తో దొరికింది. పేజీలూ, బ్లాగు రూపాన్ని నిర్ణయించే థీములూ ఆ కూర్పులోనే కలిసి వచ్చాయి. ఒక పేజీ కింద మరో పేజీని పెట్టే వీలూ అక్కడే మొదలైంది.

సమస్య పుట్టింది కూడా అక్కడే అని నా అభిప్రాయం. థీమ్ రాసేవారికి అప్పుడు అందిన సాధనం ఒక్కటే. ఉన్న పేజీలన్నింటినీ తల్లీపిల్లల వరుసలో జాబితాగా అచ్చు వేసే ఒక ఆదేశం. వంశవృక్షం ఎలా ఉంటే మెనూ అలాగే వచ్చేది. ప్రతి పేజీకీ క్రమసంఖ్య ఇవ్వకపోతే శీర్షికల అక్షరక్రమమే మెనూ క్రమం. తెలుగు బ్లాగులో దీని ఫలితం ఊహించండి: ముందు ఆలయాలు, తర్వాత కోటలు, జాతరలు, వాటన్నిటి వెనక ముందుమాట. అప్పటి అప్రమేయ థీమ్ (ఏదీ ఎంచుకోకపోతే వచ్చేది) కూబ్రిక్ ఈ జాబితాను పక్క పట్టీలో పెట్టింది. అక్కడ ఎంత పొడవైనా ఇబ్బంది లేదు. అదే జాబితాను పైన అడ్డపట్టీగా పరిచిన థీముల్లో గొడవ మొదలైంది. కొందరు మొదటి అంతస్తు చాలని ఆపేశారు, దాంతో ఉప పేజీలు ఉన్నాయన్న సంగతే పాఠకుడికి తెలియలేదు. కొందరు అన్ని అంతస్తులూ చూపించారు, మెనూ మూడు వరుసలై శీర్షిక మీదికి ఎక్కింది.

జారుడు మెనూ ఇందుకు పరిష్కారంలా కనిపించింది. 2003 నవంబరులో ప్యాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ 'సకర్‌ఫిష్ డ్రాప్‌డౌన్స్' పేరుతో ఒక పద్ధతి ప్రచురించారు. మామూలు జాబితానే తీసుకుని, మౌసు పైకి రాగానే లోపలి జాబితా కిందికి దిగేలా స్టైల్ నియమాలతో (పేజీ రూపాన్ని చెప్పే సూచనలతో) చేశారు. ఎంత పొందికైన ఆలోచనో! వెతుకు యంత్రాలకూ, స్టైల్ లేని బ్రౌజర్లకూ అది మామూలు జాబితాగానే కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో మాత్రం మౌసు స్పర్శను లంకెలే గుర్తించేవి, జాబితా అంశాలు గుర్తించేవి కావు. దానికోసం కొన్ని వరుసల జావాస్క్రిప్ట్ అతికించాల్సి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన బ్రౌజర్ అదే. తెలుగు సరిగా కనిపించడానికి సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల తోడ్పాటు చేర్చుకోవాల్సిన కాలం అది. ఆ అతుకు లేని థీమ్ తీసుకున్నవారి ఉప పేజీలు ఆ బ్రౌజర్‌లో తెరుచుకునేవే కావు.

బ్లాగర్ వాడేవారి దారి వేరు. అక్కడ విడి పేజీలు 2010లో గానీ రాలేదు. వచ్చినా వాటికి తల్లీపిల్లల వరుస లేదు. ఉప మెనూ కావాలంటే జాబితా కోడును ఎక్కడినుంచో తెచ్చి థీములో అతికించాల్సిందే. అలా అతికించిన మెనూను తర్వాత ముట్టుకోవాలంటే భయం.

అసలు మలుపు 2010 జూన్‌లో వర్డ్‌ప్రెస్ 3.0తో వచ్చింది. వూథీమ్స్ సంస్థ ఇచ్చిన కోడు ఆధారంగా, పేజీల వంశవృక్షంతో సంబంధం లేకుండా మెనూను విడిగా పేర్చుకునే ఏర్పాటు చేశారు. ఏ పేజీ ఎవరి బిడ్డ అన్నది ఒక సంగతి, పాఠకుడికి దాన్ని ఎక్కడ చూపాలి అన్నది మరో సంగతి. ఈ రెండూ విడిపోవడం నా దృష్టిలో బ్లాగు థీముల చరిత్రలో అన్నిటికన్నా విలువైన మార్పు. అయినా చాలామందికి అది అందలేదు, దానికి కారణం ఉంది. మెనూ పేర్చకుండా వదిలేస్తే థీమ్ మామూలుగా పాత పద్ధతికే వెళ్లి పేజీలన్నీ వరుసగా చూపిస్తుంది. ఏదో ఒక మెనూ కనబడుతోంది కదా అని రాసేవారు అక్కడితో ఆగిపోతారు. హనుమకొండ మిత్రుడు ఆగిందీ అక్కడే. పేజీలను తరలిస్తే తప్ప మెనూ మారదని ఆయన నమ్మారు. పైగా, టపాల పాత చిరునామాలను గుర్తుంచుకుని కొత్త చోటికి పంపే వర్డ్‌ప్రెస్, తల్లి కింద ఉండే పేజీలకు ఆ పని చేయదు. ఒక్కోసారి పేరును బట్టి ఊహించి చేరుస్తుంది, అది నమ్ముకోదగ్గది కాదు.

అదే సమయానికి ఫోన్లు వచ్చేశాయి. వేలికి 'పైకి రావడం' అంటూ లేదు, తాకడమే ఉంది. తల్లి పేజీని తాకితే అది తెరుచుకునేది, పిల్ల పేజీల జాబితా దిగేది కాదు. ఐఫోన్ మాత్రం మొదటి తాకిడికి జాబితా చూపి రెండోసారికి పేజీ తెరిచేది, ఆ సంగతి పాఠకుడికి ఎవరు చెప్పాలి? 2012 డిసెంబరులో వచ్చిన ట్వెంటీ ట్వెల్వ్ థీమ్ చిన్న తెరల మీద మెనూను ఒక బొత్తాం వెనక దాచింది. ట్వెంటీ ఫిఫ్టీన్ ఉప పేజీలున్న ప్రతి అంశం పక్కనా తాకడానికి విడిగా ఒక బాణం గుర్తు ఇచ్చింది. ఈ బాణమే సరైన జవాబని నేను గట్టిగా అంటాను. పేరు తాకితే పేజీ, బాణం తాకితే జాబితా. కీబోర్డుతో నడిపేవారికీ, తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకూ పనికొచ్చేది కూడా అదే.

ఇక్కడిదాకా చెప్పింది అన్ని భాషలకూ వర్తించే కథ. మన లిపి బాధ వేరు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని పట్టీ ఎత్తును ముందే నిర్ణయించిన థీముల్లో తెలుగు కింద తెగిపోతుంది. 'పుణ్యక్షేత్రాలు' అని మెనూలో పెట్టి చూడండి, ఒత్తులూ క్రావడీ పట్టీ అంచు కింద మాయమవుతాయి. ఎత్తు బిగించకుండా పైనా కిందా ఖాళీ వదిలితే చాలు, వరుసల మధ్య ఎడం కాస్త పెంచితే చాలు. అక్షరాలను ఎడంగా పరిచే స్టైల్ నియమం తెలుగుకు అసలు వద్దు.

చిరునామాల లెక్క ఇంకా కఠినం. వర్డ్‌ప్రెస్‌లో పేజీ చిరునామా పేరుకు 200 స్థానాలే. ఒక్కో తెలుగు సంకేతం (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతమే) చిరునామాలో 9 స్థానాలు తింటుంది. 'ల్లు' అనే ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు, అంటే 36 స్థానాలు. 'వేయిస్తంభాల గుడి శిల్పకళ' అనే శీర్షిక రెండు ఖాళీలతో కలిపి సరిగ్గా 200కు సరిపోతుంది. 'శిల్పకళా వైభవం' అని రాస్తే తోక తెగుతుంది. ఇలాంటి పేరు ముందు తల్లి పేజీ పేరూ, అంతకు ముందు అమ్మమ్మ పేజీ పేరూ చేరితే ఆ లంకెను ఎవరికైనా పంపడమే కష్టం. అందుకే చాలామంది చిరునామాను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకుంటారు. శీర్షిక తెలుగులోనే ఉన్నంతవరకూ అందులో తప్పేమీ లేదు.

2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9తో థీములు దిమ్మెలతో (బ్లాకులతో) పేర్చుకునేవిగా మారాయి, మెనూ కూడా ఒక దిమ్మె అయింది. ఉప మెనూ తాకితే తెరుచుకోవాలా, మౌసు పైకి వస్తేనా అన్నది ఇప్పుడు రాసేవారే ఎంచుకోవచ్చు, థీమ్ కోడు ముట్టుకోనక్కర్లేదు. అయితే ఏదీ పేర్చకపోతే అక్కడా పేజీలన్నిటి జాబితాయే వచ్చి కూర్చుంటుంది, 2005 నాటి అదే జాబితా.

ఈ ఏడాది ఆ మిత్రుడూ నేనూ కూర్చుని బ్లాగును సవరించాం. జిల్లా పేజీలన్నీ తీసేశాం. స్థలాల పేజీలకు తల్లి అంటూ లేకుండా చేశాం, ఇక ఎన్ని జిల్లాలు వచ్చినా వాటి చిరునామా మారదు. మెనూ మాత్రం విడిగా పేర్చాం: ముందుమాట, ఆలయాలు, కోటలు, చెరువులు, జాతరలు. వృక్షంలో పేజీకి ఒక్క తల్లే ఉండగలదు, మెనూకు ఆ నిబంధన లేదు. రామప్ప ఇప్పుడు ఆలయాల కింద ఉంది, గుడి పక్కనే చెరువు కూడా ఉంది కాబట్టి చెరువుల కిందా ఉంది.