గెడ్డల ఊళ్ళో నడకదారి ఏమైంది?

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన విశాఖకి నడవడమంటే ఎంత ఇష్టమో తెలుస్తుంది. కొబ్బరికాయ కొట్టి, చాలామంది చెప్పులు కూడా లేకుండా బయల్దేరి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండంతా చుట్టి మళ్ళీ అప్పన్న మెట్ల దగ్గరికి చేరే ఈ గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. లక్షల మంది. రాత్రంతా నడుస్తారు, దారి పొడవునా ఎవరో ఒకరు మజ్జిగ, పులిహోర పంచుతూనే ఉంటారు.

ఆ మర్నాడు అదే ఊళ్ళో ఒక పెద్దాయనకి డాక్టరు రోజూ మూడు కిలోమీటర్లు నడవమని చెప్తే, ఎక్కడ నడవాలో ఆయనకి అర్థం కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రౌండ్లు కొడతాడు. లేదంటే బండేసుకుని బీచ్‌రోడ్డుకి పోయి, అక్కడ నడిచి, మళ్ళీ బండి మీద ఇంటికొస్తాడు. మా నాన్నగారు చాలా ఏళ్ళు చేసింది ఇదే. కొండలు, అడవి, సముద్రం, ఇన్ని గెడ్డలు (వాగులు) ఉన్న ఊళ్ళో నీటి పక్కన, చెట్ల కింద, ఎత్తుపల్లాలు లేకుండా నడిచే దారి ఇంత కరువెందుకైందని నాకు చాలాకాలంగా బాధ. దీని వెనక చాలా పెద్ద కథే ఉంది.

ముందు ఊరి పేర్లు ఒకసారి పలికి చూడండి. మాధవధార, సీతమ్మధార, గంగధార. ముడసర్లోవ, ఆరిలోవ. హనుమంతవాక. ధార అంటే కొండమీంచి జారే ఊట, లోవ అంటే కొండల మధ్య లోయ, వాక అంటే ఏరు. గెడ్డ సంగతి ఉత్తరాంధ్రవాళ్ళకి చెప్పక్కర్లేదు. అంటే ఈ పట్నంలో సగం పేట్లు నీటి పేరుతోనే పుట్టాయి. గిరి ప్రదక్షిణ దారిని కూడా ఈ చూపుతో చూడండి, అడవివరం దాటాక ముడసర్లోవ చెరువు, తర్వాత హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం, తిరిగొచ్చేటప్పుడు మాధవధార. కాలినడకన పోయేవాడికి తాగడానికి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో దారి అక్కడినుంచే పోయింది. నా దృష్టిలో విశాఖకి మొదటి నడకదారి ఇదే, దానికి ఎవరూ గ్రీన్‌వే (పచ్చని నడకదారి) అని పేరు పెట్టకపోయినా. ఇప్పుడు దాదాపు మొత్తం తారురోడ్డే.

మాధవధార నుంచి కొండ దాటి సింహాచలం పోయే పాత మెట్లదారి ఇంకా ఉంది. ఒకసారి అక్కడ మెట్ల మీద కూర్చున్న ముసలమ్మని దారి అడిగితే, "మా సిన్నప్పుడు ఇలగే ఎక్కీసి, అటేపు దిగిపోయి దర్శనం సేసుకుని సందేలకి ఇంటికొచ్చీవోళ్ళం బాబూ, బస్సు ఎవులెక్కీవోరు?" అంది. గుడికి పోయే దారే గాలి మారే దారి కూడా. కార్తీకమాసం వనభోజనాలకి ముడసర్లోవ పోవడం కూడా అలాంటిదే.

ఇక ఇది ఎక్కడ తెగిందో చూద్దాం. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ వచ్చి కలిసేచోట, డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకాల, ఒకప్పుడు పెద్ద ఉప్పుటేరు, మడ అడవులు, పోటుకి మునిగి పాటుకి తేలే బురద నేలలు ఉండేవి. ఆ చిత్తడిని తవ్వే ఇప్పటి లోపలి హార్బరు కట్టారు. 1933లో పోర్టు మొదలైంది. అప్పటికి ఊరి జనాభా అరవై వేలకు లోపే. 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, 1971లో స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన. 2011 జనాభా లెక్కలకి ఊరు 17 లక్షలు దాటింది. పోర్టు రాకూడదని నేను అనను, ఆ పోర్టు లేకపోతే ఇక్కడ మనలో చాలామందికి బతుకుతెరువే లేదు. కానీ ఊరి గెడ్డల్లో చాలావరకు చివరికి చేరే ఆ మూల, నది ఒడ్డు లాంటి చోటు, జనం కాలు పెట్టడానికి వీల్లేని జాగా అయిపోయింది. అప్పట్నుంచి ఊరు గెడ్డ వైపు వీపు పెట్టి పెరిగింది.

ఆ తర్వాత జరిగింది మెల్లగా జరిగింది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొండవాలు మీద ఇళ్ళు వచ్చాయి, కింద కాలనీలు వచ్చాయి, భూగర్భ డ్రైనేజీ మాత్రం వాటికంటే చాలా ఏళ్ళు వెనక వచ్చింది. ఈలోపు ఇళ్ళ మురుగంతా దగ్గర్లో ఉన్న గెడ్డలోకే. మురుగు కలిసిన గెడ్డ కంపు కొడుతుంది, కంపు కొట్టేదాని వైపు ఎవరూ గుమ్మం పెట్టుకోరు, గుమ్మం లేనివైపు చెత్త పడుతుంది, చెత్త నిండితే వానకి నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి, నీళ్ళొస్తే రెండువైపులా కాంక్రీటు గోడ కడతారు, గోడ కట్టాక అది గెడ్డ అన్న సంగతి కూడా పిల్లలకి తెలీదు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ ఇలాగే అయ్యాయి. జ్ఞానాపురం, చావులమదుం వైపు పెద్ద వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు ఎందుకు నిలుస్తాయో అక్కడివాళ్ళని అడగండి. ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో వీటి పేరు మేజర్ డ్రెయిన్. పేరు మారినప్పుడే దాని గట్టు మీద నడవొచ్చన్న ఆలోచన పోయింది.

అడవి వైపు కథ వేరు. కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం రాజులది. 1970లో అది అటవీశాఖ చేతికి వచ్చింది, తర్వాత దాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. 1977లో దాన్ని ఆనుకునే 625 ఎకరాల్లో జూ వచ్చింది. ఆ కొండల మీద పడిన వాననీరే ముడసర్లోవకి చేరుతుంది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పట్నానికి తాగునీళ్ళు ఇచ్చింది ఆ చెరువే. కాబట్టి అడవికి కంచె వేయడం మంచి పనే, చిరుతపులి తిరిగే అడవి ఇంత పెద్ద ఊరిని ఆనుకుని మిగిలిందంటే ఆ కంచె వల్లే. తర్వాత అటవీశాఖ చుట్టుపక్కల ఊళ్ళ వన సంరక్షణ సమితి వాళ్ళతో కలిసి హైవే పక్కన ఎకో టూరిజం పార్కు తెరిచి, టికెట్ పెట్టి, నడిచే బాటలు వేసింది. పిల్లలతో, పెద్దవాళ్ళతో పోవడానికి ఇప్పటికీ ఊళ్ళో ఇంతకంటే మంచి నడక లేదు. నీడ ఉంటుంది, కాళ్ళకి మట్టి తగులుతుంది, మధ్యలో చెరువు కనిపిస్తుంది. పొద్దున్నే పోండి, నీళ్ళ సీసా పట్టుకుపోండి, ప్లాస్టిక్ వెనక్కి తెచ్చుకోండి. చిక్కు ఒక్కటే, అక్కడికి కూడా బండి మీదే పోవాలి. ఇంటి దగ్గర నుంచి నడిచి ఆ బాటలో కలిసే దారి లేదు.

ఇక ముడసర్లోవ. ఇప్పుడు ఆ నీటి మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ఉంది, 2018లో పెట్టారు. కరెంటు మంచిదే. చెరువు చుట్టూ పూర్తిగా తిరిగొచ్చే మట్టిబాట కూడా ఉంటే ఆరిలోవ, చినగదిలి జనానికి అదే రోజువారీ నడక అయ్యేది.

ఇలా గెడ్డలు మూసుకుపోయి, అడవికి టికెట్ వచ్చాక మిగిలింది బీచ్‌రోడ్డే. ఊరు మొత్తం నడక అక్కడికి చేరింది. పొద్దున్న పూట కొంతసేపు బళ్ళు ఆపి రోడ్డు నడిచేవాళ్ళకి వదలడం ఈ ఊరు చేసుకున్న మంచి పనుల్లో ఒకటి, ఆ గంటల్లో అక్కడ నడిస్తే ఆ తేడా తెలుస్తుంది. కానీ ఎనిమిది దాటాక ఎండకి నిలబడలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గంటకి 180 కిలోమీటర్ల దాకా గాలి వీచింది, ఒక్క రోజులో ఊరి నీడంతా నేలకొరిగింది. మర్నాడు పొద్దున్న కొండల వైపు చూస్తే పచ్చదనమే లేదు, అగ్గి పెట్టినట్టు గోధుమరంగు. తర్వాత మొక్కలు నాటారు, చాలావరకు పెరిగాయి కూడా. అయినా నడకదారికి నీడ ముఖ్యమని ఆ తుపాను చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు. అయినా మన పార్కుల్లో టైల్స్‌కి పెట్టినంత డబ్బు చెట్టుకి పెట్టం.

మురుగు గెడ్డ మళ్ళీ బాగుపడుతుందా అని అడిగేవాళ్ళుంటారు. సియోల్ నగరంలో చియోంగ్గేచియోన్ అనే ఏరుని పూర్తిగా కప్పేసి పైన రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్ కట్టేశారు. 2005కల్లా అదంతా తీసేసి దాదాపు 6 కిలోమీటర్ల నీటి నడకదారి చేశారు. అంత దూరం ఎందుకు, బెంగళూరులో కోరమంగల లోయ వైపు పోయే కె-100 అనే రాజకాలువలో మురుగు మళ్ళించి గట్టు వెంట నడిచేలా చేసే పని పెట్టుకున్నారు. రెండుచోట్లా మురుగు మళ్ళించడం ఆ పనిలో ముఖ్యభాగం. మనకి ఎప్పుడూ గట్టు మీద రెయిలింగు, లైట్లతో మొదలవుతుంది. అందుకే నిలవదు.

మనకి ఇంకా చెడిపోని ఒక్క నీరు ఉంది, గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని తాకి, తాటిపూడి రిజర్వాయరు మీదుగా సుమారు 120 కిలోమీటర్లు వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం తాగే నీళ్ళలో కొంత తాటిపూడివి, కొంత ఆ నది ఇసుకలో వేసిన ఊటబావులవి. తగరపువలస వైపు పాత జూట్‌మిల్లు దగ్గర్నుంచి సంగమం దాకా ఒడ్డు వెంట చాలాచోట్ల ఇప్పటికీ మామూలు చెప్పులతో నడవొచ్చు. నేల చదునుగా ఉంటుంది, తాటిచెట్లు, పొలాలు, కొంగలు, చివర్లో డచ్చివాళ్ళ కాలం సమాధులున్న పాత ఊరు. నదీతీరపు నడక అని జనం ఎక్కడెక్కడికో ఖర్చు పెట్టుకుని పోయేది దీనికోసమే. ఇక్కడ కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇసుక తవ్వకుండా ఆపాలి, ఒడ్డు మీద లేఅవుట్లు రాకుండా హద్దురాళ్ళు పాతాలి, ఊళ్ళ మురుగు కలవకుండా చూడాలి, నాలుగు చోట్ల దారి చూపే బోర్డు పెట్టాలి. ఈ పనులు ఇప్పుడైతే చవక. గెడ్డలకి చేసినట్టు నలభై ఏళ్ళు ఆగితే ఎంతవుతుందో ఎర్రిగెడ్డ గోడల మీద ఏటా పెట్టే ఖర్చు చూస్తే తెలుస్తుంది.

గోస్తని గట్టుకి ఇప్పటికైతే గోడ లేదు. ఈ కార్తీకంలో మా ఇంట్లోవాళ్ళం వనభోజనానికి అక్కడికే పోతున్నాం, తెల్లారి ఆరింటికల్లా, మా నాన్నగారితో సహా.