పిడికిలి బిగిస్తే వినిపించే మోత, మెదడులో దాని జాడ

బొటనవేలితో చెవి మూసుకుని, అదే చేతి పిడికిలి గట్టిగా బిగించండి. ఎక్కడో దూరంగా లారీ పోతున్నట్టు గుడగుడమని మోత వినిపిస్తుంది. పట్టు వదిలితే తగ్గిపోతుంది. లండన్ శాస్త్రవేత్త విలియం హైడ్ వోలాస్టన్ 1810లో అచ్చయిన తన ప్రసంగంలో ఈ మోత గురించే చెప్పాడు. రాళ్లు పరిచిన వీధిలో దూరంగా బండ్లు పరిగెడుతున్న చప్పుడులా ఉందన్నాడు. సెకనుకు ఇరవై, ముప్పై అదురులు ఉంటాయని లెక్కేశాడు. చెవి, వేలు తప్ప ఇంకే పరికరమూ లేని రోజుల్లో అది చిన్న లెక్కేమీ కాదు.

ఆ మోతంతా మెదడు నుంచే వస్తుందని అనుకోకూడదు. కండరానికి తనదైన అదురూ ఉంటుంది. కానీ 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో హాన్స్ పైపర్ బిగించిన కండరం విద్యుత్ సంకేతాలను కొలిస్తే, అక్కడా సెకనుకు 40–50 సార్లు వచ్చే లయ కనిపించింది. ఈ లయ ఎక్కడ పుడుతోంది? కండరంలోనా, వెన్నుపాములోనా, ఇంకా పైన మెదడులోనా?

పైన ఏం జరుగుతోందో చూసే దారి అప్పటికి లేదు. హాన్స్ బెర్గర్ మనిషి తల మీంచి తొలి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల రికార్డు) తీసింది 1924లో, దాన్ని ప్రచురించింది 1929లో. 1949లో జాస్పర్, పెన్‌ఫీల్డ్ అనే మెదడు పరిశోధకులు ఆపరేషన్ కోసం తెరిచిన మెదడు మీదే ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు. చెయ్యి కదలడం మొదలవగానే, కదలికను నడిపే భాగంలోని బీటా తరంగాలు (సెకనుకు సుమారు 13–30 సార్లు వచ్చే లయ) అణిగిపోయాయి. పిడికిలి అలాగే బిగించి ఉంచితే తిరిగొచ్చాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. పని జోరుగా ఉన్నప్పుడు లయ పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ మాత్రం నిండా మజ్జిగ పోసిన గ్లాసును తొణక్కుండా పట్టుకుని నిలబడ్డప్పుడు లయ బలపడుతోంది.

మెదడు లయనూ కండరం లయనూ ఒకేసారి రికార్డు చేసి పోల్చిన పరిశోధన 1995లో వచ్చింది. కాన్వే, హాలిడే బృందం మెదడులోని అతిసన్నటి అయస్కాంత సంకేతాలను, చేతి కండరం సంకేతాలను పక్కపక్కన పెట్టి చూస్తే, బీటా లయలో రెండూ జత కలిశాయి. ఈ పొందికను కొహెరెన్స్ అంటారు. అసలు సంబంధమే లేకపోతే సున్నా, పూర్తిగా కలిస్తే ఒకటి. మనుషుల్లో వచ్చే అంకె సాధారణంగా చాలా చిన్నది. కొందరిలో అసలు కనపడదు కూడా. 1997లో కోతులు రెండు వేళ్లతో వస్తువును పట్టుకుని ఉంచినప్పుడు కూడా ఇదే జత కనిపించింది. కదలికలను దెబ్బతీసే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లలో, దానికి వాడే మందు ఆపినప్పుడు ఈ పొందిక తగ్గి, లెవోడోపా అనే ఆ మందు వేసుకున్నాక మెరుగవుతుందని 2002లో తేలింది.

అయితే లెక్క ఒకటి కుదరలేదు. మెదడు నుంచి ఆజ్ఞ చేతి కండరానికి చేరడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది. కొహెరెన్స్‌లో కనిపించే ఆలస్యం చాలాసార్లు దాంతో సరిపోలేదు. మెదడు చెబుతుంటే కండరం వింటోందన్న సులువైన బొమ్మకు అక్కడే బీట పడింది. 2005లో రిడిల్, బేకర్ అనే పరిశోధకులు మనుషుల చేతిని చల్లబరిచి చూశారు. చలికి నరాల వేగం తగ్గుతుంది కదా. ఆలస్యం, మెదడు నుంచి చేతికి దిగివెళ్లే దారి ఒక్కటే నెమ్మదించినప్పుడు పెరగాల్సినదానికి మించి పెరిగింది. అంటే చేతి నుంచి మెదడుకు తిరిగి వెళ్లే కబురు కూడా ఆ లయలో కలిసే ఉంది.