లెడ్జర్ నుంచి యాప్ దాకా: ఈ మొరాయింపు ఎక్కడిది?

ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందనగానే కొందరు ముఖం ముడుచుకుంటారు. వయసైపోయింది, నేర్చుకోలేరు అని పక్కసీటువాళ్లు తేల్చేస్తారు. ఇంట్లో మనవరాలితో వీడియో కాల్ మాట్లాడి, కరెంటు బిల్లు ఫోన్లోనే కట్టేసి వచ్చిన మనిషి ఇక్కడికొచ్చి ఎందుకు మొరాయిస్తున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

1960ల్లో ఎల్ఐసీ కలకత్తాలో కంప్యూటర్ పెట్టబోతోందని తెలిసి, అది లోపలికి రాకుండా ఉద్యోగులు ఇలాకో హౌస్ అనే భవనం దగ్గర రాత్రులు కాపలా కాశారు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ అవి గుమాస్తా ఉద్యోగం దొరకడమే గగనమైన రోజులు. ఇంతమంది చేసే పని అదొక్కటే చేసేస్తే మన సంగతేంటన్నది వాళ్ల భయం.

బ్యాంకుల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1983లో బ్యాంకుల యాజమాన్యాల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరాకే యంత్రాలకు దారి దొరికింది, అదీ ఎన్ని పెట్టాలో పరిమితులతో. ఆ మరుసటి ఏడాదే బ్యాంకుల్లో యంత్రాల వాడకంపై రంగరాజన్ కమిటీ నివేదిక ఇచ్చింది. బ్రాంచిల్లోకి వచ్చిన యంత్రం పేరు అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్, అంటే లెడ్జర్ అనే ఖాతా పుస్తకంలో చేత్తో రాసే పద్దుల్ని ఎక్కించే యంత్రం. పేరులో కంప్యూటర్ అన్న మాటే లేదు, చూశారా!

మా మేనమామ అప్పుడు ఒక బ్యాంకులో క్లర్కు. మెషీన్ వచ్చింది కదా అని లెడ్జర్ తీసేయలేదట, అందులోనూ ఎక్కించాలి, ఇందులోనూ రాయాలి, సాయంత్రానికి రెండూ టాలీ కావాలి, పది పైసలు తేడా వస్తే తప్పు మనిషిదా మెషీన్‌దా అని రాత్రి ఎనిమిదిన్నర దాకా వెతుకులాట. "పని తగ్గుతుందన్నార్రా, రెండింతలైంది" అనేవాడు. మెషీన్ మీద కూర్చునేవాళ్లకు స్పెషల్ అలవెన్సు అనేసరికి నిన్నటిదాకా వద్దన్న సీనియర్లే ముందుకొచ్చారని కూడా ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. అంటే పేచీ మెషీన్‌తో కాదు, దాంతో పాటు వచ్చే షరతులతో.

తర్వాత బ్రాంచిలన్నిటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థతో కలిపే కోర్ బ్యాంకింగ్ రోజులొచ్చాయి. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో సుమారు లక్ష మంది వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని వెళ్లిపోయారు. దానికి కారణం కంప్యూటర్లొక్కటే కాదు. కానీ ఖాళీ అయిన కుర్చీలు చూసినవాళ్లు ఆ తేడా అంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకోరు.

ఈ మధ్య టెన్షన్ మరో రకం. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకు ముఖం చూపించి హాజరు వేసే యాప్ తెచ్చారు, అదీ సొంత ఫోన్లోనే వేసుకోవాలన్నారు. సంఘాలు ఒప్పుకోలేదు. ఫోన్ మాది, డేటా ఖర్చు మాది, అందులోని మా వివరాలు ఎటు పోతాయో తెలియదు, కావాలంటే ప్రభుత్వమే పరికరాలివ్వాలి అన్నారు. అప్పటికే మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు అప్‌లోడ్ చేసీ చేసీ విసిగి ఉన్నారు. పాఠం ఎప్పుడు చెప్పాలి సార్ అన్న ప్రశ్న ఊరికే రాలేదు.

అంగన్‌వాడీల్లో 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే కేంద్ర ప్రభుత్వ యాప్ ఉంది. పిల్లల బరువు, ఎత్తు, సరుకుల పంపిణీ అన్నీ అందులో ఎక్కించాలి. రాష్ట్రం యాప్‌లు వేరు, రిజిస్టర్లు వేరు. మేనమామ లెడ్జర్ బాధే, కాకపోతే ఇక్కడ అలవెన్సు కోసం కొట్లాడే స్థితి కూడా లేదు, వచ్చేది గౌరవ వేతనం. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు కూర్చున్నారు. అసలు డిమాండ్లు జీతం, గ్రాట్యుటీ. వాటి పక్కనే యాప్‌ల భారం తగ్గించాలన్న మాట కూడా వినిపించింది. సిగ్నల్ లేని ఊళ్లో గర్భిణిని నిలబెట్టి, ఫోన్ పైకెత్తి పట్టుకుని సర్వర్ కోసం చూసే అంగన్‌వాడీ కార్యకర్తను "టెక్నాలజీ అంటే భయం" అనే లెక్కలో ఎలా వేస్తాం?