ఊరికే జవాబులు రాసేవాళ్ల గురించి: అపోహలు - వాస్తవాలు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కలు చూస్తాను. టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకాలు, రైతుల పద్దులు, జీఎస్టీ, అన్నీ ఎక్సెల్‌లోనే. రాత్రి భోజనాలయ్యాక అదే ఎక్సెల్ మీద స్టాక్ ఓవర్‌ఫ్లో, కోరా తెలుగు అనే ప్రశ్నోత్తరాల సైట్లలో జనం అడిగే ప్రశ్నలకి జవాబులు రాస్తుంటాను. పైసా రాదు. అయినా ఏళ్ల తరబడి రాస్తున్నానంటే చుట్టూ ఉన్నవాళ్లకి రకరకాల అనుమానాలు. "ఇందులో నీకేంటి లాభం?" అనేవాళ్ల దగ్గర్నుంచి "చాట్‌జీపీటీ వచ్చేసిందిగా, ఇంకా ఎందుకన్నా?" అనేవాళ్ల దాకా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: జవాబు చెప్పాలంటే అన్నీ తెలిసుండాలి

ఎక్సెల్‌లో ఫంక్షన్లు, అంటే లెక్కలు చేసిపెట్టే రెడీమేడ్ ఆదేశాలు, నాలుగైదు వందలుంటాయి. రోజూ నేను వాడేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి అవసరం పడినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల సహాయ పేజీ తెరిచి చూసుకునేవే. అసలు కష్టం ప్రశ్న చదవడంలో ఉంది. మెడికల్ షాపుకి వెళ్లి నొప్పి ఎక్కడో చెప్పకుండా మాత్ర పేరు చెప్పి అడిగేవాళ్లుంటారు చూడండి, ఇక్కడ సగం ప్రశ్నలు అలాగే వస్తాయి.

ఒక ప్రశ్న చెబుతాను. "సెల్‌లో చివరి మూడు అక్షరాలు తీసేయడం ఎలా?" ఎడమవైపు అక్షరాలు తీసుకునే లెఫ్ట్, అక్షరాలు లెక్కపెట్టే లెన్ అనే ఫంక్షన్లు కలిపి ఒక్క లైన్లో చెప్పేయొచ్చు. అలా చెప్పేవాళ్లూ ఉంటారు, వాళ్లకి రెండు ఓట్లు కూడా పడతాయి. ఆ మూడు అక్షరాలు ఏంటి, ఎందుకు తీయాలి అని అడిగితే గానీ సంగతి బయటికి రాదు. బరువు కాలమ్‌లో 45 అని కొట్టి, స్పేస్ ఇచ్చి, పక్కనే ఇంగ్లీషులో కేజీ అని రెండక్షరాలు రాశారు. అది అంకె కాదు, అక్షరాలు. సమ్ కొడితే మొత్తం సున్నా. అందుకని ఆ తోక కత్తిరించాలనుకున్నారు. బాగానే ఉంది. కానీ కిందెక్కడో గుమస్తా స్పేస్ ఇవ్వకుండా కొట్టి ఉంటాడు. అక్కడ చివరి మూడు అక్షరాలు తీసేస్తే మిగిలేది 4. నలభై ఐదు కిలోల టిక్కీ నాలుగు కిలోలైపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఎర్రగా ఏదీ వెలగదు. మొత్తం మాత్రం తప్పు.

కాబట్టి దీనికి సరైన జవాబు లెఫ్టూ కాదు, లెన్నూ కాదు. కంట్రోల్ హెచ్ కొట్టి ఆ అక్షరాలని ఖాళీతో మార్చేయడం. ఎవరైనా చివర ఎస్ కూడా తగిలించి ఉంటే ముందు అవి, తర్వాత మామూలువి. సెల్‌లో అంకె మాత్రమే ఉంచి, పక్కన కేజీ కనబడాలంటే ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ కింద పెట్టుకోవడం. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. "ఎందుకు?" అని ఒక్క మాట అడగడమే.

ఇంకోటి. ఒక అకౌంట్స్ ఆఫీసు కుర్రాడు జీఎస్టీ నంబరుతో వీలుకప్ (ఒక షీటులోని విలువని ఇంకో షీటులో వెతికే ఫంక్షన్) పెడితే దొరకట్లేదని వస్తోందన్నాడు. రెండు షీట్లలోనూ నంబరు కంటికి అచ్చంగా ఒకటే. మొదట్లో 37, అంటే మన ఆంధ్రప్రదేశ్ కోడ్. అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ కూడా వాడి చూశానని రాశాడు. రెండు సెల్స్ మీదా లెన్ పెట్టి చూడమన్నాను. ఒకటి 15, ఇంకోటి 16. జీఎస్టీ నంబరుకి ఉండేవే 15 అక్షరాలు, ఆ పదహారోది ఎవరు? వెబ్ పేజీలోంచి కాపీ కొట్టినప్పుడు వెంట వచ్చిన స్పేస్. అది మనం కీబోర్డు మీద కొట్టే స్పేస్ కాదు. కంప్యూటర్ లెక్కలో మనది క్యారెక్టర్ 32, అది క్యారెక్టర్ 160. ట్రిమ్‌కి 32 తప్ప ఇంకోటి కనబడదు. సబ్‌స్టిట్యూట్ అనే ఫంక్షన్‌తో ఆ 160ని ఖాళీగా మార్చగానే నంబరు దొరికేసింది. ఇది మొదటిసారి తెలుసుకున్నవాడికి ఎంత ఆనందమో! తర్వాత ఎప్పుడు వీలుకప్ మొండికేసినా వాడు ముందు లెన్ పెట్టి చూస్తాడు.

అపోహ: పనీపాటా లేనివాళ్లే ఇలా కూర్చుంటారు

ఇది ఎక్కువగా ఇంట్లోనే వినబడుతుంది. "ఎవరి లెక్కలో సరిచేస్తారు, మన కరెంటు బిల్లు కట్టడం గుర్తుండదు" అని మా ఆవిడ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. సరే, ఆ మాట పడాల్సిందే. కానీ ఇక్కడ నాకు తెలిసినవాళ్లంతా పనిలో మునిగి ఉన్నవాళ్లే. పని లేనివాడికి అసలు సమస్యలు ఎక్కడివి, వాటి విరుగుడు ఎక్కడిది? ఫిబ్రవరి నుంచి యార్డుకి సరుకు పోటెత్తితే నేను నెలల తరబడి జవాబుల వైపు వెళ్లను. మే నెలలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు మళ్లీ మొదలుపెడతాను. ఎవరూ అడగరు, హాజరు పట్టీ లేదు. అది కూడా దీనిలో ఉన్న సుఖమే.

అపోహ: పాయింట్లు వస్తున్నాయంటే ఏదో రూపంలో డబ్బులు వస్తున్నట్టే

స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుకి ఒక ఓటు పడితే 10 పాయింట్లు. అడిగినవాడు ఇదే సరైందని ఆకుపచ్చ టిక్ పెడితే 15. ఎవరైనా తప్పని ఓటేస్తే 2 పోతాయి, అలా వేసినవాడికీ 1 పోతుంది. ఓట్లతో రోజుకి 200 కన్నా ఎక్కువ రావు. ఈ పాయింట్లతో టీ కూడా రాదు. వాటితో వచ్చేది పెత్తనం, అంటే ఇంకా ఎక్కువ పని. 2,000 దాటితే ఎవరి రాతనైనా నేరుగా దిద్దొచ్చు, 3,000 దాటితే ప్రశ్నని మూసేయాలని, అంటే కొత్త జవాబులు రాకుండా ఆపాలని, ఓటేయొచ్చు. చాకిరీ చేస్తే బహుమతిగా ఇంకాస్త చాకిరీ!

డబ్బు లేదా అంటే ఉంది, మన దగ్గర కాదు. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టిన ఆ స్టాక్ ఓవర్‌ఫ్లోని 2021లో ప్రోసస్ అనే సంస్థ 180 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అందులో ఉన్న సరుకంతా మాలాంటివాళ్లు రాసిందే. కోరా ఇంకో వింత. 2018లో పెట్టిన పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో అది డబ్బిచ్చింది జవాబులు రాసినవాళ్లకి కాదు, ప్రశ్నలు అడిగినవాళ్లకి. దాంతో ఎలాంటి ప్రశ్నలు వచ్చి పడ్డాయో ఆ రోజుల్లో కోరా చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఒక్క ఊరట ఏంటంటే స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాసింది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది. రాసినవాడి పేరు చెప్పి, అదే లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు. సంస్థ చేతులు మారినా ఆ హక్కు పోదు. ఉచితంగా రాయాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్క సంగతి చూసుకోండి. మీరు రాసేచోట దాని మీద హక్కు ఎవరిది?

అపోహ: కొత్తవాళ్లు అడిగితే కసురుకుంటారు, ప్రశ్న మూసేస్తారు

ఇది పూర్తిగా అపోహ అంటే అబద్ధమవుతుంది. కొత్తవాళ్లకి తమ దగ్గర సరైన ఆదరణ లేదని 2018లో స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లే బాహాటంగా రాసుకున్నారు. కొంతమంది మాట నిజంగానే గుంటూరు మిరపకాయకన్నా ఘాటు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. మన వైపు ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. సెమిస్టర్ చివర్లో ప్రశ్నలు ఎలా వస్తాయంటే, స్క్రీన్‌ని సెల్‌ఫోన్‌తో ఏటవాలుగా ఫొటో తీసి, కింద "అర్జంట్ సర్, రేపే సబ్మిషన్" అని. ఆ ఫొటోలోంచి ఒక్క సెల్ కూడా కాపీ చేసుకోలేం. అందులో ఉన్న నలభై వరసలు నేను కూర్చుని టైపు చేసుకోవాలా? ఏ వెర్షనో రాయరు, ఏం రావాలో రాయరు. మూడు రోజుల తర్వాత ఎవరైనా ఓపిగ్గా అడిగితే "అయిపోయింది సర్" అంటారు. ఎలా అయిందో కూడా చెప్పరు!

డూప్లికేట్ అని మూసేయడం మాత్రం చాలామంది అనుకునేట్టు శిక్ష కాదు. "ఇదే ప్రశ్నకి అక్కడ మంచి జవాబుంది, అటు వెళ్లు" అని దారి చూపించడం. అదే వీలుకప్ స్పేస్ గొడవకి వందచోట్ల వంద అరకొర జవాబులుండే బదులు ఒక్కచోట పూర్తి జవాబు ఉంటే వెతుక్కునేవాడికి మేలు. నా ఉద్దేశంలో తప్పు మూసేయడంలో లేదు, ఒక్క మాట కూడా చెప్పకుండా మూసేయడంలో ఉంది. కారణం ఒక లైను రాస్తే కుర్రాళ్లు సర్దుకుంటారు. రాయకపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కరు.

అపోహ: ఇంగ్లీషు బాగా రావాలి

స్టాక్ ఓవర్‌ఫ్లోకి పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో వేరే సైట్లున్నాయి. తెలుగుకి లేదు. అసలు సైటులో ఇంగ్లీషులోనే అడగాలి. నిజమే, మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. అయితే వ్యాకరణం తప్పులుంటే దిద్దడానికే అక్కడ ఎడిట్ బటన్ ఉంది, రోజూ ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు. ప్రశ్నలో చిన్న నమూనా పట్టిక, రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం ఉంటే చాలు, విరిగిన ఇంగ్లీషులో ఉన్నా జవాబొస్తుంది. అవి లేకుండా ఎంత చక్కటి ఇంగ్లీషు రాసినా రాదు. తెలుగులోనే అడగాలంటే కోరా తెలుగు ఉంది. అక్కడ ఎక్సెల్ గురించి అడిగేవాళ్లు తక్కువ, అడిగినవాళ్లు మాత్రం చివరిదాకా ఉండి ఫలితం చెబుతారు.

అపోహ: అడిగినవాడికి చెప్పేస్తే పని అయిపోయింది

అడిగినవాడు చాలాసార్లు తిరిగి రాడు. టిక్ పెట్టడు, థ్యాంక్స్ చెప్పడు. మొదట్లో కొత్తవాళ్లు దీనికే నొచ్చుకుని మానేస్తారు. నేను రాసేది అతనికి మాత్రమే కాదు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ గడువు ముంచుకొచ్చినప్పుడు ఏ గుంటూరు బ్రాడీపేటలోనో, ఏ విజయవాడ గవర్నర్‌పేటలోనో రాత్రి పదింటికి టెన్షన్‌తో వెతుకుతున్నవాడికి కూడా. అందుకే పాత జవాబులకి మళ్లీ వెళ్లి మరమ్మతు చేయాలి. ఒకప్పుడు వీలుకప్‌తో మెలికలు తిప్పి రాసినవాటికి ఇప్పుడు ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫంక్షన్ ఉంది. దాన్ని పైన పెట్టి, పాత వెర్షన్ వాళ్ల కోసం పాతది కింద ఉంచాలి. ఈ పనికి పాయింట్లేమీ ప్రత్యేకంగా రావు.

రాసింది శాశ్వతంగా ఉంటుందన్న నమ్మకం కూడా వద్దు. 2005లో మొదలైన యాహూ ఆన్సర్స్‌ని 2021 మే 4న మూసేశారు. కష్టపడి రాసినవాటి నకలు మన దగ్గరా ఒకటి ఉండాలి.

అపోహ: ఏఐ వచ్చాక ఈ పనికి కాలం చెల్లింది

ప్రశ్నలు బాగా తగ్గాయి. అందులో సందేహం లేదు. "ఒక కాలమ్‌ని రెండుగా విడగొట్టడం ఎలా" లాంటివి ఇప్పుడు ఎవరూ మనల్ని అడగరు, అడగక్కర్లేదు కూడా. 2022 డిసెంబరులో చాట్‌జీపీటీతో రాయించిన జవాబులని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. కారణం సూటిగా చెప్పింది: చూడ్డానికి సరిగ్గానే ఉంటాయి, తప్పులు ఎక్కువ, సరిచూసేవాళ్లు చాలరు.

ఇప్పుడు వచ్చే ప్రశ్నల రకమే మారింది. "చాట్‌జీపీటీ ఈ ఫార్ములా ఇచ్చింది, పెడితే నేమ్ అని ఎర్రర్ వస్తోంది." చూస్తే అందులో టెక్స్ట్‌స్ప్లిట్ అనే కొత్త ఫంక్షన్ ఉంటుంది. కొట్లో ఉన్నది ఎక్సెల్ 2016. ఆ వెర్షన్‌కి అలాంటి ఫంక్షన్ ఒకటుందనే తెలియదు. ఎక్స్‌లుకప్ కూడా అంతే, ఎక్సెల్ 2019లో లేదు, ఎక్సెల్ 2021లో వచ్చింది. ఇంకోసారి బ్యాంకు ఖాతా నంబర్ల చివరి అంకెలు సున్నాలైపోయాయని ఒకరు లబలబలాడారు. ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నా వేసేస్తుంది. కొట్టేముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఒకసారి పోయిన అంకెలు ఏ ఫార్ములాతోనూ తిరిగిరావు, అసలు కాగితం వెతుక్కోవాల్సిందే. "కాగితం ఉందా?" అని ఏఐ అడగలేదట. మనిషి మొదట అడిగేది అదే.

మనం రాసినవే ఏఐకి మేత అవుతున్నాయన్న కోపం కొందరికి ఉంది. 2024 మే నెలలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐతో స్టాక్ ఓవర్‌ఫ్లో ఒప్పందం చేసుకున్నప్పుడు కొందరు తమ జవాబులు చెరిపేయబోయారు. వాళ్ల ఖాతాలు కొన్నాళ్లు ఆపేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, నాకూ నచ్చలేదు. కానీ చెరిపేస్తే నష్టపోయేది ఆ కంపెనీలు కాదు, రాత్రి పదింటికి వెతికేవాడు. అందుకని నావి ఉంచేశాను.

అపోహ: ఇది చూపిస్తే ఉద్యోగం వచ్చేస్తుంది

రాదు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది, అంతే. మైక్రోసాఫ్ట్ తన ఉత్పత్తుల మీద జనానికి సాయం చేసేవాళ్లకి 1993 నుంచి ఎంవీపీ అనే గుర్తింపు ఇస్తోంది. అదీ ఉద్యోగం కాదు, ఏటా మళ్లీ చూసి ఇచ్చేది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు పెద్ద ప్రశ్నల జోలికి వెళ్లకండి. మీకు చేతనైన ఒక చిన్న అంశం పట్టుకుని, దాని కింద ఎవరూ జవాబివ్వని పాత ప్రశ్నలు చూడండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులతోపాటు ఎడిట్లు కూడా సూచించండి, ఒప్పుకుంటే ఒక్కోదానికి 2 వస్తాయి. అడిగేవాళ్లకి ఒక్క మనవి. షీటు పెట్టేముందు రైతుల పేర్లు, ఫోన్లు, పార్టీల జీఎస్టీ నంబర్లు తీసేసి, అ, ఆ, ఇ అని పెట్టుకోండి. ఐదు వరసలు చాలు. మీ కొట్టు పద్దు మొత్తం ప్రపంచానికి అక్కర్లేదు, మీ షావుకారు చూస్తే అస్సలు ఊరుకోడు.