పేరు బాడిగకు ఇయ్యొద్దు

అనంతపురం

పిల్లలూ,

ఉరవకొండ నుంచో, కళ్యాణదుర్గం నుంచో వచ్చి ఇక్కడ రూము తీసుకొని చదువుకునే మీకు ఈ మధ్య ఒక బేరం తగులుతోంది. సీనియరో, వరసకు అన్నో, టీ బంకు దగ్గర పరిచయమైనవాడో అడుగుతాడు: "నీ బ్యాంకు ఖాతా ఊరికే పడుంది కదప్పా, ఒక నెల ఇయ్యి. ఐదువేలు నీకు." దొంగతనం చేయమనలేదు, అబద్ధమాడమనలేదు. పేరు మాత్రం అడిగినాడు.

ఆ ఖాతాతో వాళ్లు ఏం చేస్తారో ముందు తెలుసుకోండి. నంబరు ఒక్కటే ఇస్తే వాళ్లకు చాలదు. ఏటీఎం కార్డు, పిన్, చెక్కుబుక్కు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఖాతాకు కట్టిన సిమ్ము కావాలి, ఓటీపీ వచ్చేది దానికే కాబట్టి. కొందరు సిమ్ము అడగరు. వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ వేసే ఫైలు) పంపి వేసుకోమంటారు. అది మీ ఫోనుకొచ్చే మెసేజీలన్నీ వాళ్లకు మళ్లిస్తుంది. ఇక ఎక్కడో ఒక రిటైరైన పెద్దాయనను పోలీసులమని నమ్మించి, "డిజిటల్ అరెస్టు" అని వీడియో కాల్ ముందు కూర్చోబెట్టి, బెదిరించి లాగిన డబ్బు వచ్చి మీ ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో ముక్కలై వేరే ఖాతాలకు, అక్కడి నుంచి ఏటీఎంకో క్రిప్టోకో పోతుంది. ఇట్లాంటిదాన్ని బ్యాంకులవాళ్లు మ్యూల్ ఖాతా అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. సరుకు దానిది కాదు, లాభం దానిది కాదు, దెబ్బలు మాత్రం దానివే.

ఆ పెద్దాయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసినాక ఫిర్యాదు డబ్బు నడిచిన దారి పట్టుకొని ఒక్కో బ్యాంకుకూ పోతుంది. ఆ దారిలో మొదట కనబడే పేరు మీదే. ఖాతా ఆగిపోతుంది. ఇంటి నుంచి వచ్చిన మెస్సు డబ్బు, స్కాలర్‌షిప్పు కూడా అందులోనే ఇరుక్కుంటాయి. కేసు ఏ రాష్ట్రంలో కట్టినారో అక్కడి నుంచే, హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) కింద పోలీసుల నోటీసు వస్తుంది. మోసంలో పాలు ఉందని తేలితే ఐటీ చట్టం 66డి ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. "నాకేం తెలియదు సార్" అనొచ్చు. బాడిగ తీసుకున్న ఐదువేలు అక్కడ ఆ మాటకు అడ్డం వస్తాయి. "ఇది మోసం డబ్బు కాదులే, బెట్టింగుదే" అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది, కాబట్టి ఆ మాట మిమ్మల్ని గట్టెక్కించదు.

మీ వయసు పిల్లలకు ఆశ ఎక్కువని అందరూ అంటారు. నాకట్లా అనిపించదు. ఎక్కువమంది చెడేది మొహమాటానికి. మొహమాటం మీద మనకొక సామెత ఉంది, పిల్లలకు రాసే ఉత్తరంలో పెట్టేది కాదు, మీకు తెలిసే ఉంటుంది. "మొన్న ఫీజుకు ఆదుకున్నాడే, వీడికెట్లా కాదంటాను" అన్న చోటనే కాలు జారుతుంది. పైగా నష్టపోయే మనిషి ముఖం మీకు ఎన్నడూ కనబడదు. అడిగేవాడి ముఖం ఎదురుగా ఉంటుంది. కనబడే ముఖం కోసం కనబడనిదాన్ని ముంచడమే ఈ కాలంలో మీకొచ్చిన చిక్కు.

కాదనేటప్పుడు సాకు చెప్పొద్దు. "మా నాయనతో జాయింటు ఖాతా" అంటే "అయితే కొత్తది తెరుద్దాం రా, ఖర్చు నాది" అంటాడు. "కార్డు పోయింది" అంటే కొత్తదానికి దరఖాస్తు పెట్టిస్తాడు. సాకుకు విరుగుడు ఉంటుంది. "లేదప్పా, నేను ఇయ్యను" అన్నదానికి ఉండదు. రెండుసార్లు అడుగుతాడు, మూడోసారి ముఖం ముడుచుకుంటాడు. ముడుచుకోనీండి.

నిజంగా అవసరమున్నవాడు కూడా అడగొచ్చు కదా అంటారేమో. వాడి ఖాతా రెండేళ్లు వాడక ఆగిపోయి ఉంటే బ్యాంకులో కేవైసీ మళ్లీ ఇస్తే నడుస్తుంది. అసలు ఖాతానే లేకుంటే కనీస నిల్వ అక్కరలేని బేసిక్ సేవింగ్స్ ఖాతా ఉంది, ఏటీఎం కార్డు ఉచితం. "పద, బ్యాంకుకు నేను తోడొస్తాను" అనండి. అవసరమున్నవాడు వస్తాడు. రెండోవాడు ఆ పొద్దు నుంచి మీ ఫోను ఎత్తడు.

జామీను సంతకమూ ఇదే బాపతు. స్నేహితుడి బండి ఫైనాన్సుకు "ఊరికే ఒక సంతకం" అంటారు. ఫైనాన్సువాళ్లు ముందు వాణ్ని అడిగి, వాడియ్యకుంటేనే మన దగ్గరికొస్తారని మీ అంచనా. పత్రంలో వేరుగా రాసుకోకపోతే 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పుదారుడితో సమానం. నేరుగా మిమ్మల్నే అడగొచ్చు. రేపు మీరు అప్పుకు పోయినప్పుడు సిబిల్ నివేదికలో (మీ అప్పుల చరిత్ర చూపే కాగితంలో) ఆ బాకీ కనబడుతుంది. సాయం చేయాలనుంటే, తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంత మీ డబ్బే చేతికియ్యండి. ఐదొందలైనా సరే.

ఇది మీకు చెప్పే నోరు మా పెద్దలకుందా అని అడగొచ్చు. ఒకరి పాసుపుస్తకం మీద ఇంకొకరు పంట రుణం తీసుకోవడం, ఒకరి నగలు వేరొకరి పేరుతో కుదువ పెట్టడం మన ఊళ్లలో చూస్తూనే పెరిగినారు. పేరు అరువివ్వడం మీకు నేర్పింది మేమే. అందుకు సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ పొద్దే కదలండి. బ్యాంకు హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్రాంచికి పోయి జరిగింది తేదీలతో అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సిమ్ము వాళ్ల చేతిలో ఉంటే కంపెనీ షాపులో ఆధార్ చూపించి అదే నంబరుకు కొత్త సిమ్ము తీసుకోండి, పాతది ఆగిపోతుంది. ఖాతాలో మీది కాని డబ్బు ఉంటే ముట్టుకోవద్దు. "పొరపాటున పడింది, ఈ నంబరుకు తిప్పి పంపు" అని ఎవరైనా ఫోన్ చేస్తే పంపొద్దు, బ్యాంకుకే చెప్పండి. చాటింగులు భయపడి చెరిపేస్తారు, అది పెద్ద తప్పు. మిమ్మల్ని ఎవరు, ఏమని అడిగినారో చూపించే ఆధారం అదొక్కటే. 1930కి మీరే ఫోన్ చేసి చెప్పండి. నోటీసు వచ్చినాక చెప్పిన మాటకూ, రాకముందు చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది.

ఆధార్ నకలు ఎవరికైనా ఇచ్చినవాళ్లు కేంద్ర టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథి వెబ్‌సైటులో మీ నంబరు, ఓటీపీ కొట్టి చూడండి. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో అది చూపిస్తుంది. మీది కానిదాని పక్కన "నాది కాదు" అని నొక్కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లో చెప్పండి. తిడతారు. తిట్టినాక మీ నాయన చొక్కా వేసుకొని మీతోపాటు బ్యాంకుకు వస్తాడు.

మీ పెదనాయన